వెనుకనుండి వచ్చిన స్త్రీ

(ధ్యాన భాగములు: మార్కు సువార్త 5:21–43, నిర్గమకాండము 1:15–21)



విశాఖపట్టణములో పాత నగరమున స్త్రీలకొరకైన ప్రభుత్వ ఆసుపత్రి యొకటి కలదు. కాగితముల మీద దాని పేరు విక్టోరియా ఆసుపత్రి. ఆ పేరు చెప్పి అడిగినయెడల ఆటో నడుపువాడు ఒక నిమిషము ఆలోచించును. ఘోషాసుపత్రి అనిన వెంటనే బండి త్రిప్పును. మన పల్లెలనుండి కాన్పులకు వెళ్లిన తల్లులకును ఆ పేరే తెలియును. మేము చిన్ననాడు ఆ పేరు విని, సముద్రము చేరువనున్నది గనుక కడలి ఘోషను బట్టి వచ్చినదేమో అనుకొంటిమి. నొప్పులు పడు తల్లుల ఘోషయని మరియొకరు చెప్పిరి. రెండును కావు. గోషా అనునది పారశీకమునుండి వచ్చిన మాట, మూల అని దాని యర్థము. పరపురుషుల కంటబడక ఇంటి లోపలి మూలనుండు స్త్రీలను గోషా స్త్రీలనిరి. అట్టివారు ప్రాణము పోవుచున్నను మగ వైద్యుని యెదుటికి రారు గనుక వారికి వేరుగా ఆసుపత్రి కావలసివచ్చెను. ఇప్పుడు తెర పోయినది, పేరు మిగిలినది.

తెర పోయినదని వ్రాసితిమి గాని, అది నిజమేనాయని మాకు సందేహము.

కొన్ని యేండ్ల క్రిందట మా సంఘములో ఒక తల్లి ప్రతి ఆదివారము తలుపు దగ్గర, అందరి వెనుక కూర్చుండెడిది. ఆశీర్వాదము పలుకకమునుపే లేచి పోయెడిది. పశువుల పని ఉన్నది కాబోలు అనుకొంటిమి. ఇంటికి వెళ్లి పలుకరించినప్పుడు, ఒంట్లో నీరసము అయ్యగారూ, ప్రార్థన చేయండి అనెడిది. మేము నీరసము నిమిత్తమై ప్రార్థించితిమి, టీ త్రాగితిమి, వచ్చితిమి. ఇట్లు రెండేండ్లు జరిగెను. ఒకనాడు ఆమె పొలములో పడిపోగా విశాఖలో ఒక పెద్దాసుపత్రికి తీసికొనిపోయితిమి. లోపల డాక్టరమ్మ, ఇన్నాళ్లు ఎందుకు దాచారమ్మా అని అడుగుట తలుపు బయట నిలుచున్న మాకు వినబడెను. ఎవరికి సెప్పుకోనమ్మా, అందరూ మగోళ్లే గదా అని ఆమె చెప్పిన జవాబును వినబడెను. రెండేండ్లుగా రక్తస్రావము. గర్భాశయ ముఖద్వారమున పుట్టిన వ్రణము అప్పటికే లోపలికి ప్రాకియుండెను. ఆమె ప్రభువునందు నిద్రించి యున్నది.

మార్కు సువార్త అయిదవ అధ్యాయమును మేము ఎన్ని మారులు చదివి ప్రసంగించితిమో లెక్కలేదు. ఆ అధ్యాయములోని స్త్రీ మా యెదుటనే తలుపు దగ్గర కూర్చుండగా గుర్తింపలేకపోతిమి. ఈ మాసము ఈ ధ్యానము వ్రాయుటకు కారణము అదియే.

ఆ కథను మరల చూతము. సమాజమందిరపు అధికారియైన యాయీరు అందరి యెదుట వచ్చి ప్రభువు పాదములమీద పడెను. అతడు మగవాడు, పేరుగలవాడు, తన కష్టమును నడివీధిలో చెప్పుకొనగలవాడు. అదే సమూహములో పండ్రెండేండ్లుగా రక్తస్రావముతో బాధపడిన స్త్రీ యొకతె. ఆమె పేరును సువార్త చెప్పలేదు. ఆమె ముందునుండి రాలేదు, వెనుకనుండి వచ్చెను. మోషే ధర్మశాస్త్రము చొప్పున ఆమె అపవిత్రురాలు, ఆమె కూర్చున్న చాపయు అపవిత్రమే. ఆమె తన బాధను ఎవరికి చెప్పుకొనును? ఆ దినములలో వైద్యులు బహుగా పురుషులే. ఆస్తియంతయు వారికి పోసి, బాగుపడుటకు మారుగా మరింత సంకటపడెనని మార్కు వ్రాసెను. లూకా తానే వైద్యుడు గదా, మరింత సంకటపడెనను ముక్కను మాత్రము మెల్లగా దాటవేసెను! తన వృత్తివారిమీద అతనికి ఆ మాత్రపు అభిమానము ఉండుట తప్పుగాదు.

ప్రభువు నిలిచిపోయెను. అధికారి కుమార్తె అక్కడ ప్రాణములతో పోరాడుచున్నది. శిష్యులు తొందరపడుచున్నారు. యాయీరు గుండె ఎట్లు కొట్టుకొనుచుండెనో తండ్రులైనవారికి తెలియును. అయినను ప్రభువు వీధిలో నిలిచి, ముట్టినదెవరని చుట్టు చూచెను. ఆమెను సిగ్గుపరచుటకు గాదు. పండ్రెండేండ్లు లోలోపల దాచుకొనిన సంగతిని ఆమె తన నోట చెప్పువరకు ఆయన వేచియుండెను. ఆమె సత్యమంతయు చెప్పెనని వ్రాయబడియున్నది. ఆ పొడవైన కథను ఆయన ఓపికతో వినెను. తరువాత ఆమెను కుమారీ అని పిలిచెను. సువార్తలలో ఆయన మరి యే స్త్రీనైనను ఆ పిలుపుతో పిలిచినట్లు మాకు కనబడదు.

ఇక్కడ ఒక మాట. కొన్ని ప్రార్థన కూటములలో ఈ వాక్యమునే చూపించి, వైద్యుల యొద్దకు పోయి ఆమె చెడిపోయినది, కాబట్టి విశ్వాసికి మందు అక్కరలేదని బోధించుట మేము విని యున్నాము. ఇది మిక్కిలి అపాయకరమైన బోధ. వైద్యుల యొద్దకు వెళ్లితివేలయని ప్రభువు ఆమెను గద్దింపలేదు. రోగులకు వైద్యుడు కావలెనని ఆయనయే ఒప్పుకొనెను. పౌలు కొలొస్సయులకు వ్రాయుచు లూకాను ప్రియమైన వైద్యుడనెను. ఆ కాలపు వైద్యులకు తెలిసినది కొంచెము. నేటి వైద్యులకు దేవుడు తెలియజేసినది చాల ఎక్కువ. దానిని కాలదన్నుట విశ్వాసము కానేరదు.

ఇప్పుడు మన ఆంధ్రదేశమునకు వత్తము. 1805లో లండను మిషను వారైన జార్జి క్రాను, అగస్టస్ డేగ్రాంజి అనువారు విశాఖపట్టణములో దిగి తెలుగు నేర్చుకొని సువార్తలను మన భాషలోనికి త్రిప్పుటకు పూనుకొనిరి. క్రాను 1809లోను, డేగ్రాంజి 1810లోను మరణించిరి. వారి ప్రయాసవలన వాక్యము తెలుగు దేశమునకు వచ్చినది. కాని తెర వెనుకనున్న స్త్రీని ముట్టి చూడగల చేయి రావలెనన్న ఇంకను డెబ్బదియైదేండ్లకు పైగా పట్టెను. ఏల? ఆ చేయి స్త్రీ చేయి కావలెను. అప్పటికి స్త్రీకి వైద్యవిద్య నేర్పు కళాశాల దొరకుట మిక్కిలి అరుదు. అమెరికాలో ఎలిజబెత్ బ్లాక్‌వెల్ అను యువతి పెక్కు కళాశాలల తలుపులు తట్టి త్రోసివేయబడి, తుదకు 1849లో పట్టము పొందెను. మరుసటి యేట, అనగా 1850లో, పెన్సిల్వేనియాలోని ఫిలడెల్ఫియాలో స్త్రీలకే ఒక వైద్య కళాశాల తెరువబడెను. ఆ పేరు జ్ఞాపకముంచుకొనుడి. ఆ కళాశాలనుండి క్లారా స్వెయిన్ అను వైద్యురాలు 1870లో ఉత్తరదేశపు బరేలీకి వచ్చెను. మన దేశమునకు మిషనరీగా వచ్చిన మొదటి వైద్యురాలు ఈమె. అదే కళాశాలలో 1879లో పట్టము పొందిన అన్నా సారా కుగ్లరు 1883లో గుంటూరునకు వచ్చెను.

కుగ్లరమ్మగారి సంగతి గుంటూరు ప్రాంతపు లూథరను సంఘములవారు ఎరుగుదురు గాని, మన ఉత్తర జిల్లాలవారికి అంతగా తెలియదు. ఆమెను వైద్యురాలిగా పంపుటకు మిషను సభవారు మొదట ఒప్పుకొనలేదు. వైద్యసేవ అప్పటికి వారి పనిలో లేదు. గోషా స్త్రీలకు బోధించు ఉపాధ్యాయినిగా పొమ్మనిరి. ఆమె అలుగలేదు, ఆ పనికే ఒప్పుకొని వచ్చెను. పేరునకు ఉపాధ్యాయిని, కాని జ్వరముతో కాగిపోవుచున్న బిడ్డను తల్లి ఒడిలో చూచి వైద్యురాలు ఊరకుండగలదా? మొదటి యేడే నాలుగు వందలకు పైబడిన రోగులకు, కొందరికి వారి ఇండ్లలో, కొందరికి తన నివాసములో, చికిత్స చేసెను. రెండేండ్లకు, 1885 అంత్యమున, సభవారు ఆమెను వైద్య మిషనరీగా నియమించిరి. మొదట పని, తరువాత నియామకము! సంఘములలో పదవి ఇచ్చిన తరువాతనే పని చేతుమనువారు ఈ వరుసను గమనింతురు గాక.

1886లో చిన్న మందులశాల. 1893లో దానికి సొంత కట్టడము. 1898లో ఆసుపత్రి. ఈ మూడు అంకెలను మేము ఒక్క పంక్తిలో వ్రాసితిమి గాని వాటి నడుమ గడచినవి పండ్రెండు వేసవులు. అగ్రవర్ణముల గృహములలో ఆమె అడుగుపెట్టుటయే మైల. ఆమె చేతి నీటితో కలిపిన మందు త్రాగుటకు సందేహము. వర్ణమును బట్టి తలుపులు మూసికొను దేశములో ఒకే కప్పు క్రింద అందరిని పండుకొనబెట్టుట సామాన్యమైన పని కాదు. తరువాత ఏలూరు రాజావారు తమ ఇంటి స్త్రీలకు జరిగిన మేలునకు కృతజ్ఞతగా, రోగులతో వచ్చు బంధువులు దిగుటకు ఆసుపత్రి యెదుట ఒక సత్రము కట్టించిరి. ఆసుపత్రి వరండాలో చాపలు పరచుకొని రాత్రులు గడపినవారెవరైనను ఆ సత్రము విలువ చెప్పగలరు. ప్రభుత్వమువారు 1905లో ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకమిచ్చిరి. ఆమె 1930 జూలై 26న గుంటూరులోనే కన్నుమూసెను. ఆ ఆసుపత్రికి ఆమె పేరే నిలిచినది.

దొరసానుల చరిత్రలు వ్రాయువారు ఒక సంగతి విడుచుచున్నారని మా అభిప్రాయము. ఒక వైద్యురాలు ఒంటరిగా ఏమి చేయగలదు? రోగి చెప్పు యాసను ఆమెకు విప్పి చెప్పినదెవరు? గదులు తుడిచి, నెత్తుటి బట్టలు ఉదికి, బిడ్డను తొలిసారి పొత్తిళ్లలో చుట్టినదెవరు? మన తెలుగు స్త్రీలే. బైబిలు స్త్రీలు, ఆయాలు, నర్సు పని నేర్చుకొనిన మొదటి తరపు బాలికలు. వారిలో అనేకులు మాలమాదిగ పేటలనుండి వచ్చినవారు. ఊరు ఎవరి నీడను తప్పించుకొని నడచెనో, వారి చేతులలోనే ఊరి బిడ్డలు పుట్టిరి.

ఆ 1883వ సంవత్సరములో మరియొక సంగతి జరిగెను. కుగ్లరమ్మగారు అమెరికానుండి మన దేశమునకు ఓడయెక్కిన యేడే, మన దేశమునుండి ఆనందీబాయి జోషీ అను పదునెనిమిదేండ్ల మహారాష్ట్ర బ్రాహ్మణ స్త్రీ కలకత్తాలో అమెరికాకు ఓడయెక్కెను. ఇద్దరు స్త్రీలు ఒకే కళాశాల నిమిత్తము ఎదురెదురు దిక్కులకు సముద్రములు దాటిరి. ఒకరు అక్కడ నేర్చి వచ్చిరి, ఒకరు అక్కడ నేర్చుకొనబోయిరి. ఆనందీబాయి పదునాలుగేండ్లకే తల్లియై, వైద్యము లేక ఆ పసిబిడ్డను పది దినములకే పోగొట్టుకొనెను. ఆ దుఃఖమే ఆమెను ఓడయెక్కించెను. 1886లో పట్టము పొంది తిరిగివచ్చి, 1887 ఫిబ్రవరిలో, ఇరువదిరెండేండ్లు నిండకుండనే క్షయతో మరణించెను. ఆమె ఒక్క ఆసుపత్రియు కట్టలేదు. అయినను ఆమె వెళ్లిన త్రోవ మూతపడలేదు. ఆమె మన మతస్థురాలు కాదుగదా, మన పత్రికలో ఆమె మాట ఎందుకని అడుగువారుందురు. మంచి సమరయుడు ఎవరి మతస్థుడో వారు లూకా పదవ అధ్యాయములో చూచుకొందురు గాక.

మద్రాసు వైద్య కళాశాలలో 1875లోనే నలుగురు స్త్రీలను చేర్చుకొనిరి. హైదరాబాదులో రూపాబాయి ఫర్దూంజీ అను పార్సీ వనిత 1889లో వైద్యవిద్య ముగించి, శస్త్రచికిత్సకు ముందు రోగికి క్లోరోఫారము ఇచ్చుటలో లోకములోనే మొదటి స్త్రీలలో ఒకతెగా పేరొందెను. ఒకే రాత్రి ముగ్గురు తల్లులు మగ వైద్యుని రానీయక చనిపోవుట చూచి వైద్యురాలైన ఇడా స్కడ్డరమ్మగారి కథ మీరందరు సండేస్కూలులో వినియున్నారు. ఆమె 1918లో వేలూరులో స్త్రీలకు వైద్య పాఠశాల తెరచెను. గుంటూరునకే 1920లో ఆస్ట్రేలియానుండి మేరీ గ్లౌరీ అను కతోలిక వైద్యురాలు వచ్చి, సన్యాసినియై, వేలకొలది స్త్రీలకు చికిత్స చేసెను. మన శాఖ కాదని ఆమె మేలు మరచుట మర్యాద గాదు. తెలుగువారిలో కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారి కుమార్తె డాక్టరు అచ్చమాంబగారు ప్రసూతి వైద్యమునందు ప్రసిద్ధురాలై, కాన్పు, శిశుపోషణల గూర్చి తెలుగులో గ్రంథము వ్రాసి, 1957లో విజయవాడనుండి లోకసభకు కూడ ఎన్నికయ్యెను.

విశాఖలో 1923లో వైద్య కళాశాలయు, కింగు జార్జి ఆసుపత్రియు వెలసినవి. 1933లో నౌకాశ్రయము, తరువాత ఉక్కు కర్మాగారము వచ్చి ఊరు నగరమైనది. ఇప్పుడు ఆ ఆసుపత్రి మెట్లమీద నిలిచి చూచినయెడల, తెల్లకోటు ధరించి మెడలో స్టెతస్కోపు వేసికొని దిగివచ్చు పడుచు పిల్లలు గుంపులుగా కనబడుదురు. మొన్న అట్లు చూచుచు నిలుచుంటిమి. వారిలో ఒకతె, వీపు వంగిన ఒక ముసలమ్మను చేయిపట్టి మెట్లెక్కించుచుండెను. ఆ ముసలమ్మ ఏమో గొణుగుచుండగా ఈ పిల్ల తల వంచి వినుచుండెను. వైద్యులందరును అట్లు వందురని మేము చెప్పబోము. ఆ పిల్ల వినెను, అంతవరకు చూచితిమి.

నిర్గమకాండము మొదటి అధ్యాయములో ఒక విచిత్రము కలదు. ఐగుప్తు రాజు పేరు అక్కడ వ్రాయబడలేదు. ఫరో అనునది బిరుదు మాత్రమే. అయితే ఇద్దరు మంత్రసానుల పేర్లు, షిఫ్రా, పూయా అని, స్పష్టముగా వ్రాయబడెను. మగబిడ్డలను పుట్టగానే చంపవలెనని రాజాజ్ఞ. వారు దేవునికి భయపడి ఆజ్ఞ మీరిరి. నేటి దినములలో ఆజ్ఞ తారుమారైనది. ఆడబిడ్డయని తెలిసికొని గర్భములోనే తీసివేయు దుర్మార్గము మన దేశములో పుట్టి, 1994లో దానిని నిషేధించుచు చట్టము చేయవలసివచ్చెను. మన పల్లెలలో సంచి తగిలించుకొని ఇంటింటికి తిరుగు ఆశా కార్యకర్తను చూచినప్పుడు మాకు షిఫ్రా జ్ఞాపకమునకు వచ్చును. అర్ధరాత్రి నొప్పులు వచ్చిన కోడలిని 108 బండిలో ఎక్కించి ఆమెయే ప్రక్కన కూర్చుండి పోవును. ఆమె పేరు మీలో ఎందరికి తెలియును? మా ఊరిలో అడుగగా, ఆశమ్మ అనిరి. ఆమెకును తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండును గదా!

మరల యాయీరు ఇంటికి పోదము. ఆ చిన్నది పండ్రెండేండ్లది. అనగా ఈ తల్లి రోగము మొదలైన యేటనే పుట్టినది. ప్రభువు ఆ చిన్నదాని చేయిపట్టి లేపిన తరువాత, ఆమెకు తినుటకు పెట్టుడని చెప్పెను. అంత గొప్ప అద్భుతము చేసి, అన్నము సంగతి మరువలేదు. మన ఇండ్లలో ఆడపిల్ల ఎప్పుడు తినును? తండ్రి, అన్నదమ్ములు లేచిన తరువాత. చారు మిగిలిన చారు, కూర మిగిలిన కూర. పెండ్లియై కడుపుతో నున్నప్పుడు రక్తము చాలలేదని నర్సమ్మ ఇనుము మాత్రలు ఇచ్చినయెడల, నల్లబిడ్డ పుట్టునని అత్తగారు వాటిని గూటిలో పెట్టును. ఆ మాత్రలకును బిడ్డ రంగునకును ఏ సంబంధమును లేదు. రక్తము తక్కువైన తల్లికి కాన్పులో కొంచెము స్రావమైనను ప్రాణాంతకము కావచ్చును. ఇది కుగ్లరమ్మగారి నాటి మాట కాదు, నేటి మాట.

గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు మెల్లగా, అనేక సంవత్సరములలో, ముదురును. ముందుగా పట్టుకొనినయెడల నయమగును. పెద్దవారికి చిన్న పరీక్ష చాలును, బాలికలకు రాకుండ కాపాడు టీకాయు కలదు. విశాఖలో ఉక్కు కర్మాగారము వైపు, అగనంపూడిలో, హోమీ భాభా పేర క్యాన్సరు ఆసుపత్రి యుండుట మీలో కొందరికైనను తెలియును. ముట్టు ఆగిపోయిన తరువాత మరల రక్తము కనబడుట, నెలల నడుమ కనబడుట, దుర్వాసన, రొమ్ములో గడ్డ, ఇవి దాచదగిన సంగతులు కావు. ఈ మాటలు సంఘ పత్రికలో అచ్చువేయవచ్చునాయని మా పెద్దలలో ఒకరు సందేహించిరి. మార్కు వ్రాసెను గదాయని చెప్పితిమి. ఆయన నవ్వి, అచ్చువేయుడనిరి.

పురుషులైన మీతో ఒక మాట. ఇంటిలో ఆమె నీరసమనినప్పుడు, ఏ నీరసమని మరల ఒకసారి అడుగుడి. ఆమె చెప్పుటకు సమయము పట్టును. ప్రభువు వీధిలో నిలిచినట్లు నిలువుడి. మీ పనులకంటె యాయీరు పని తొందరపనియే.

మా సంఘములో ఆ తల్లి మనుమరాలు ఈ యేడు ఇంటరు బైపీసీలో చేరినది. డాక్టరగుదునని చెప్పుచున్నది. నీటు పరీక్ష కఠినము, ఇంటిలో ధనము తక్కువ, మేనమామ సంబంధము సిద్ధముగా ఉన్నది. ఏమగునో ఎరుగము. ఆమె తండ్రితో రెండు మారులు మాటలాడితిమి. మూడవ మారు వెళ్లవలెను.

వచ్చు నెల రెండవ ఆదివారము, ఆరాధన ముగిసిన పిమ్మట, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు నర్సమ్మగారును మన ఆశా కార్యకర్తయు మందిరమునకు వచ్చెదరు. తలుపులు వేసికొని స్త్రీలు మాత్రమే లోపలనుందురు. ఎంత సేపు పట్టినను ఎవరును తలుపు తట్టకూడదు. చంటిబిడ్డలను ఎత్తుకొని పురుషులందరు బయట వేపచెట్టు క్రింద కూర్చుండవలెను. ఆ పూట ఇంటి వంట సంగతియు వారే చూచుకొనవలెను. మేమును ఆ చెట్టు క్రిందనే ఉందుము.